చెయ్యెత్తిన చెన్నమ్మ

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో పొద్దున్నే ఉప్మా కలిపే చెన్నమ్మ ఒక గనికి ఓనరంటే ఎవరు నమ్ముతారు? నవ్వకండి, నిజమే. కడప వైపు ఊళ్లో మొగుడు కన్నుమూశాక ఆమె చేనూ గని కింద పోయింది. ఆ తర్వాత మాణికేశ్వర్ నగర్‌లో గది అద్దెకు తీసుకుని ఇక్కడ వంటపనిలో కుదిరింది. ఆ గని కంపెనీలో సర్కారు తన వాటాలు అమ్మేటప్పుడు, భూములు పోయినవాళ్లకూ కొన్ని ఇవ్వాలని రూలొచ్చింది. అలా చెన్నమ్మకూ కాసిని షేర్లు దక్కాయి.

షేర్లతో ఆమెకేం పని? ఆమెకు కావలసింది ఊరి శ్మశానంలో ఉన్న మొగుడి సమాధి ఒక్కటే. చేను ఇచ్చిననాడే శ్మశానం జోలికి రావద్దని గట్టిగా చెప్పింది. కంపెనీవాళ్లు సరేనన్నారు. ఏటా వెళ్లి వెల్ల వేసి, టెంకాయ కొట్టి వస్తుంది. తననూ ఆ పక్కనే పెట్టాలని కూతురికి చెప్పి ఉంచింది.

ఆ రోజు క్యాంపస్‌లో సెమినారు. ఖనిజాలు, వాటాల అమ్మకం, సామాజిక న్యాయం, అబ్బో, బ్యానరంతా పెద్ద మాటలే. తార్నాకలో ఉండే లా ప్రొఫెసరు వేదవతి ఆ రూలు కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన మనిషి. చెన్నమ్మను వేదికెక్కించి మురిపెంగా శాలువా కప్పింది. పక్క కుర్చీలో ఆ గని కంపెనీ ఆఫీసరు విష్ణువర్ధన్.

ఆయన మైకు అందుకున్నాడు. "ఈ అమ్మలాంటి వాటాదారులు మాకు చాలా సపోర్టు. మొన్న గనిని పెంచే తీర్మానం వీడియో మీటింగులో పెడితే అందరూ చేతులెత్తి ఓకే చేశారు. వీళ్ల ఊరి శ్మశానం స్థలం కూడా గనిలోకి వచ్చేసింది."

చప్పట్లు మోగాయి. చెన్నమ్మకు ఆ మీటింగు గుర్తొచ్చింది. మొన్న మెస్సులో ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్లో వీడియోలో ఎవరో "అమ్మా, చెయ్యెత్తు" అన్నారు. ఎవరెవరు వచ్చారో చూసుకుంటున్నారనుకుని, బళ్లో పిల్లలు హాజరు పలికినట్టు ఎత్తేసింది. దేవుడా, ఎంత పని జరిగిపోయింది!

"మేడమ్, నేను ఎత్తింది దానికి కాదు," అంది వేదవతితో. "వద్దని ఇప్పుడు చెప్తే కుదుర్తాదా?"

తను కొట్లాడి తెచ్చిన రూలే ఇంత పని చేసిందని వేదవతికి నమ్మబుద్ధి కాలేదు. "తీర్మానం పాసైపోయింది చెన్నమ్మా," అంది.

చెన్నమ్మ విష్ణువర్ధన్ వైపు తిరిగింది. "ఎప్పుడు తవ్వుతారు సార్?"

"సోమవారం," అన్నాడాయన, నేలచూపులు చూస్తూ.

"మిషన్లు పెట్టకముందే నన్ను పిలవండి. మా ఆయన ఎముకలు నేనే ఏరుకుంటా."