గురి చూడని సారు

సూర్యాపేటలో మా కానిస్టేబుళ్లకు పిస్టల్ కాల్చడం నేర్పిన పాలకీడు సారు గురి వంక చూసేవారే కాదు. కళ్లు మూసుకుని చెవి మావైపు పెట్టేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ప్రాక్టీసుకు ఇచ్చేవి పేలిన తూటాల తొడుగుల్లో మళ్లీ మందు నింపినవి. ఒకనాడు నా పిస్టల్ నీరసంగా టప్పుమంది. ఎదురుగా ఉన్న గురి అట్టమీద చిల్లు పడలేదు. గురి తప్పిందనుకుని మళ్లీ నొక్కబోతుంటే సారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా! సప్పుడు తక్కువైంది. మందు సరిగ్గ నింపలే. గుండు గొట్టంలనే ఇరికింది."

కడ్డీతో పొడిస్తే నిజంగానే గుండు రాలిపడింది. దాని వెనక ఇంకోటి పేలి ఉంటే పిస్టల్ నా చేతిలోనే పగిలేది.

"ఇగ కాల్చు. జర ఇనుకుంట కాల్చు," అని సారు మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలోని చెంచా పక్కన పడేసి, నేనూ కళ్లు మూసుకుని అయిదు వేళ్లతో పప్పన్నం కలుపుకున్నాను.