సేత్తూరు అత్త ఇచ్చిన బొత్తాం

మా మనవడికి పాత పటాలం సామాన్ల పిచ్చి. నా పెట్టె అడుగున పడివున్న మా అన్న ఖాకీ కోటు తీసి, నెలరోజులుగా దాన్ని బాగుచేస్తూ కూర్చున్నాడు. ఐదు ఇత్తడి బొత్తాల్లో ఒకటి ఎప్పుడో రాలిపోయింది; అచ్చంగా ఆ కాలానిదే కావాలని ఫోనులో దేశమంతా గాలించి, మొన్న ఎక్కడినుంచో రెండు తెప్పించాడు. రెండెందుకురా అంటే, మిగిలిన నాలుగింటిలో ఒకటి తక్కినవాటితో కలవడం లేదట. మూడింటి మీద కిరీటం బొమ్మ తోమీ తోమీ అరిగిపోయింది, ఒక్కదాని మీద మాత్రం కొట్టొచ్చినట్లు కనబడుతోంది, పైగా దాని కాడకు ఎవరో నల్లదారం చుట్టారు, అదీ మార్చేస్తానన్నాడు. భయపడి వాడి చేతిలోంచి కోటు లాక్కున్నాను. తొంభై దాటినదానికి ఇంకా భయమేమిటని మీరనుకోవచ్చు. ఆ దారం చుట్టింది నేనే.

యుద్ధం నడుస్తున్న రోజులు, నాకు పదహారేళ్ళు. అన్న పది రోజుల లీవు మీద తమిళనాట మా ఊరు రాజపాళయం వచ్చాడు. తర్వాత బర్మా వైపు పంపుతారని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ బొత్తాలు కుట్టినవి కావు, కాడను గుడ్డలోంచి దూర్చి వెనక చిన్న రింగు తొడిగేవారు. నా తెలివి తెల్లారినట్లే ఉండేది కదా, అన్న బొత్తాలు తళతళలాడాలని రింగులు ఊడదీసి, శుక్రవారం దీపపు కుందులతో పాటు వాటినీ చింతపండులో నానేసి బూడిదతో తోమి, పిప్పి నీళ్ళు కొబ్బరిచెట్ల కాలువలోకి ఒంపేశాను. తర్వాత లెక్క చూసుకుంటే నాలుగే ఉన్నాయి. కాలువ మట్టంతా జల్లెడ పట్టినా ఐదోది దొరకలేదు.

బొత్తాం లేకుండా వరుసలో నిలబడితే జైల్లో వేస్తారన్నాడు అన్న. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు అన్నం దిగలేదు. బజారు టైలరు దగ్గర ఎముక బొత్తాలూ చిప్ప బొత్తాలూ తప్ప ఇంకేమీ లేవు. ఇలాంటివి పటాలం కోటు మీదే దొరుకుతాయన్నాడు. అప్పుడు మా అవ్వకు సేత్తూరు అత్త గుర్తుకొచ్చింది. నాయనకు వరుసకు చెల్లెలు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరిన నాలుగు నెలలకే జ్వరంతో ఆసుపత్రిలో పోతే, వాడి పెట్టె మాత్రం ఇంటికొచ్చింది.

బండిలో సేత్తూరు చేరేదాకా నన్ను రెండు భయాలు పట్టుకున్నాయి. కొడుకు పోయిన తల్లిని నోరు తెరిచి ఎలా అడగడమని ఒక భయం, పోయినవాడి బొత్తాం మా అన్న గుండెమీద పెడితే ఏమవుతుందోనని అంతకంటే పెద్ద భయం. అవ్వకూ ఆ భయం ఉండే ఉంటుంది. "మీ వదినతో చెప్పబోకు పాపా, విన్నదంటే కూడు ముట్టదు" అని మాత్రం అన్నది.

అడగవలసిన మాట అవ్వే అడిగింది.  అత్త లేచి పెట్టె తెరిచి, వేపాకుల మధ్యనుంచి కోటు తీసి, నాకు గోళ్ళు విరిగితేగానీ ఊడని రింగును ఇట్టే ఊడదీసింది. ఆ కోటును ఆమె రోజూ తీసి తుడుస్తోందని అప్పుడర్థమైంది. "వాడైతే తిరిగి రాలేదు, ఇదన్నా పొయ్యి రానీ" అంటూ నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

జారిపోకుండానూ దిష్టి తగలకుండానూ కాడకు నల్లదారం చుట్టి, కాలువలో దొరికిందని అన్నకు అబద్ధం చెప్పాను. దాని మెరుపు చూసి, చింతపండు బాగానే పనిచేసిందే అని ఎగతాళి చేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను బతికిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దు. తపాలా అతని సైకిలు వీధి మలుపు తిరిగితే చాలు, పెరట్లోకి పరిగెత్తి చెవులు మూసుకునేదాన్ని. వదిన ఉత్తరం చదివి నవ్వేదాకా లోపలికి వచ్చేదాన్ని కాదు. అన్నకేమైనా అయితే నా చేతులతో నేనే చంపుకున్నట్లని అనుకునేదాన్ని, ఆ మాట ఎవరితో చెప్పుకోను?

యుద్ధం ముగిసి అన్న వచ్చాడు, మలేరియాతో సగమై. ఆ రోజే ఏడుస్తూ అంతా చెప్పేశాను. మర్నాడు కోటు తొడుక్కుని నన్ను సేత్తూరు తీసుకెళ్ళాడు. అత్త అన్న ముఖం కూడా చూడకుండా బొత్తాలను ఒక్కొక్కటిగా తడుముతూ వచ్చి, ఆ ఒక్కదాని దగ్గర వేలు ఆపింది. "నా చేత్తో ఇచ్చినానే, ఈ బిడ్డకేమన్నా అయితే ఎట్లా అని రెండేండ్లూ నిద్ర లేదు పాపా" అన్నది.  ఆమెకూ అదే భయం ఉండి ఉంటుందని ఒక్కనాడూ తట్టలేదే నాకు! అన్న రింగు తియ్యబోతే, తిరిగొచ్చిన కోటు మీదే ఉండనీ అని తియ్యనివ్వలేదు.

ఇప్పుడు ఏది కావాలన్నా కవరులో ఇంటికొస్తుంది. ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు, ఎవరి ముఖంలోకీ చూడనక్కర్లేదు. సుఖమే, కాదనను. ఈ కొత్త బొత్తాం ఎవరిదిరా అని మనవణ్ణి అడిగాను. తెలీదు అవ్వా, అమ్మేవాడి దగ్గర సంచీడున్నాయి అన్నాడు.

సంచీడు! ఎన్ని ఇళ్ళ పెట్టెల్లోంచి వచ్చాయో.

అత్త బొత్తాన్ని ముట్టుకోనివ్వలేదు. ఖాళీ చోట కొత్తది పెట్టించి, దాని కాడకూ నల్లదారం చుట్టాను. పాత కోట్లకు ఇలా ఉండదవ్వా, చూసినవాళ్ళు తప్పంటారు అని వాడు గొణిగాడు. మా ఇంట్లో ఉండేదిరా అన్నాను.