సింహాచలం గారి అడ్వాన్స్ కాపీ

ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లలో సింహాచలం గారి గడప తొక్కని కష్టం లేదు. క్వార్టరు కురిసినా, ట్రాన్స్‌ఫర్ పడినా, ఇంక్రిమెంటు ఆగినా, అత్తగారు పోయి సెలవు చాలకపోయినా అందరూ ఆయన దగ్గరికే దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చేవారు. వర్క్‌షాప్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై ఊళ్లోనే మలంచా పేటలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ రద్దీ తగ్గలేదు. ఆయన చెబుతుంటే టైపు కొట్టడం నా పని. పదిహేనేళ్లు ఆఫీసులో ఆయన పక్క టేబుల్ నాది, ఇప్పుడు ఆయన పక్కిల్లు నాది. పూర్వజన్మ పాపాలంటే నమ్మకం లేనివాళ్లు నన్ను వచ్చి అడగొచ్చు.

ఆయన దరఖాస్తు నాలుగు పేజీలకు తగ్గదు. మొదటి పేజీ నిండా దండాలే. తమ దయ, తమ కరుణ, తమ చల్లని చూపు అంటూ రెండో పేజీ కూడా గడిచిపోయాక, మూడో పేజీలో అసలు సంగతి కొత్త పెళ్లికూతురిలా తలవంచుకుని బయటికొచ్చేది. కొళాయి కారుతోందని చెప్పడానికి, ఆ మనిషి తాత పలాస దగ్గర ఊరి నుంచి ఏ సంవత్సరంలో ఇక్కడి వర్క్‌షాప్‌కి వచ్చాడో కూడా రాసేవారు. ఈలోగా కొళాయి కారుతూనే ఉండేది.

ఆయన నమ్మిన దేవుళ్లు ఇద్దరు. మొదటి దేవుడు ప్రాపర్ ఛానెల్. అంటే కాగితం కింది టేబుల్ నుంచి పై టేబుల్‌కి వరసగా ఎక్కాలి, ఎవరినీ దాటకూడదు. ఒక్కో టేబుల్ మీద అది నెల చొప్పున నిద్రపోయేది. అందుకే రెండో దేవుడు, అడ్వాన్స్ కాపీ. అసలు కాగితాన్ని ఛానెల్‌లో వేసి, అదే రోజు ఇంకో ప్రతి మీద ‘అడ్వాన్స్ కాపీ’ అని కొట్టి నేరుగా పెద్ద ఆఫీసరు టేబుల్‌కి పంపేస్తారు. నియమం తప్పినట్టూ కాదు, తప్పనట్టూ కాదు. ఖరగ్‌పూర్‌లో సగం పనులు ఆ రెండో దేవుడి దయవల్లే అయ్యాయని నా అభిప్రాయం.

ఇంతటి మొనగాడికి సొంత ఇంట్లోనే ఒక కేసు పడింది.

శ్రీలేఖ ఆయనకు ఒక్కగానొక్క కూతురు, ముప్పై రెండేళ్ల మనిషి. ఆరేళ్లు రోజూ హౌరా లోకల్ ఎక్కి, కలకత్తాలో ఒక సరుకు రవాణా కంపెనీలో, ఏ ఫ్యాక్టరీకి ఏ వ్యాగన్లు ఎప్పుడు చేరాలి, ఎంతసేపట్లో ఖాళీ కావాలి అన్న లెక్క చూసింది. ఆ కంపెనీ మూతపడి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో వెబ్‌సైట్లలో రెండొందల పైచిలుకు దరఖాస్తులు పెట్టింది. ‘మీ దరఖాస్తు అందినది’ అని మెషిన్లు మర్యాదగా జవాబిచ్చాయి. మనుషులెవరూ ఇవ్వలేదు.

సింహాచలం గారు ఊరుకునే రకం కాదు. ఊళ్లోనే ఇందా పేటలో తెలిసిన స్కూల్లో ఫీజు కౌంటర్ దగ్గర ఒక సీటు మాట్లాడి వచ్చారు. ఒకటో తారీఖున చేరాలి. ఆ రోజు నేనూ అక్కడే టీ తాగుతున్నాను. శ్రీలేఖ కాదనలేదు గానీ, ఒక మాట అంది.

“అక్కడ కూకున్నానంటే ఇంక లెగలేను నాన్నా. ఆరేళ్లు నేర్సుకున్న పని నాకే మర్సిపోద్ది.”

నేను టీ కప్పు కింద పెట్టేశాను. సింహాచలం గారు మాత్రం బిస్కెట్ ముంచుకున్నారు.

అంతలో పాత ఆఫీసు స్నేహితురాలు జెనీ ఒక ఉపాయం చెప్పింది. సైట్లో వేస్తే బావిలో రాయి వేసినట్టే, రేపు నీకు బాస్ అయ్యేవాడెవడో కనుక్కుని అతనికే రాయి అని. ఊరి బయట ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో అచ్చంగా శ్రీలేఖ పనే ఖాళీ ఉంది. సైట్లో రెండుసార్లు పెట్టుకుంది కూడా. ఈసారి మేనేజరు పేరూ నంబరూ సంపాదించింది. ఆ సంగతి ఇంట్లో చెప్పగానే తండ్రి లేచి నిలబడ్డారు.

“ఏటీ? మేనేజరుకి నేరుగా రాసేత్తావా? మజ్జిన అంతమంది ఉండగా తల మీంచి దూకేత్తావా? సార్జిషీటు ఇచ్చేత్తారు!”

“ఉద్యోగవే లేనిదానికి సార్జిషీటేటి నాన్నా? సైట్లో ఏసింది ప్రాపర్ ఛానెల్. ఇది అడ్వాన్స్ కాపీ. నువ్వు ఊరందరికీ నేర్పిందే కదేటి?”

సింహాచలం గారి నోరు పడిపోయింది. ఆ వింత కళ్లారా చూసిన అదృష్టవంతుల్లో నేనొకణ్ణి. కానీ మరుక్షణంలో ఆయన కళ్లు మెరిశాయి. నాకు భయం వేసింది.

“అలాగైతే డ్రాఫ్టు నాను సెప్తాను.”

“వద్దు. నా మాటలు నాను రాసుకుంటాను.”

రాసే ముందు ఆ ఫ్యాక్టరీని కళ్లతో చూడాలనుకుంది. అందులోకి వేసుకున్న సొంత పట్టాలు, అంటే సైడింగ్, లోకల్ రైల్లోంచి కనిపిస్తుంది. సోమవారం నుంచి మూడు రోజులు పొద్దున్నే లోకల్ ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని చూసి వచ్చింది. అలా ఆమె రైల్లో ఉన్న సోమవారం, తండ్రి మా ఇంట్లో ఉన్నారు.

రైల్వేలో బిడ్డ కేసును తండ్రి నడపడం వింతేమీ కాదు. ఆయన లెక్కలో ప్రపంచమంతా రైల్వేయే. ఈసారి మేనేజరు పేర అయిదు పేజీలు. తన ముప్పై ఆరేళ్ల మచ్చలేని సర్వీసుకు రెండు పేజీలు, కూతురి వినయవిధేయతలకు ఒకటి, మిగతావి దండాలకు. కింద ‘అప్లికెంట్ తండ్రి’ అని సంతకం, కూతురి ఫోన్ నంబరు. ఆ కింద, కాపీలు: డైరెక్టరు గారికి, పర్సనెల్ డిపార్ట్‌మెంటుకు, సెక్యూరిటీ ఆఫీసరుకు. సెక్యూరిటీకి ఎందుకని అడిగితే, గేటు దగ్గర ఆపకుండా అన్నారు.

“గురువుగారూ, పిల్లకి సెప్పినారేటి?”

“శాంక్షన్ అయినాక సెప్దాం. ముందు కొట్టు.”

కొట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయన స్పీడ్ పోస్టులో పంపి వచ్చారు.

గురువారం పొద్దున్న శ్రీలేఖ కేక మా ఇంటిదాకా వినిపించింది. వెళ్లేసరికి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. మేము పంపిన ఉత్తరం ఫొటో. దాని కింద మేనేజరు ఒక్క ముక్క రాశాడు: ‘అప్లికెంట్ మీరా, మీ నాన్నగారా?’

“నాకు ముప్పై రెండేళ్లు నాన్నా! నా మొహం ఏటి పెట్టుకుని ఆయనకి రాయాలి ఇప్పుడు? నువ్వు కూడానా బాబాయ్?”

నేను తల దించుకున్నాను. సింహాచలం గారు “నీ మంచికే...” అని ఏదో మొదలెట్టారు. భార్య సరోజాదేవి గారు వంటింట్లోంచే, “ఇంక మీరు ఊరుకోండి” అన్నారు. ఆ ఇంట్లో అది సుప్రీంకోర్టు.

శ్రీలేఖ కళ్లు తుడుచుకుని అక్కడే కూర్చుని జవాబు రాసింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

‘అప్లికెంట్ నేనే. ఆ ఉత్తరం నాకు తెలియకుండా వచ్చింది. మీ సైడింగ్‌లో సోమవారం వచ్చిన వ్యాగన్లు బుధవారం పొద్దుటికీ ఖాళీ కాలేదు, రైల్లోంచి చూశాను. ఆరేళ్లు అలాంటి ఆలస్యాలు తగ్గించడమే నా పని. ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఎలాగో చెబుతాను.’

“ఆగాగు! సబ్జెక్టు లేదు, రెఫరెన్సు లేదు, కనీసం ఒక దండమైనా...” అంటూ తండ్రి వచ్చేలోపు పంపేసింది.

ఆ రోజంతా జవాబు రాలేదు. ఒకటో తారీఖు ఇంక నాలుగు రోజులే. సాయంత్రం స్కూల్లో వేసుకోవడానికని ఆమె ఒక చీర తీసి ఇస్త్రీ చేయడం కిటికీలోంచి చూశాను. ఆ అయిదు పేజీలూ కొట్టిన నా వేళ్లు విరిచేసుకోవాలనిపించింది. ఏడింటికి ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ వాళ్లు మర్నాడు పొద్దున్న పదింటికి రమ్మన్నారు.

తోడు వస్తానన్న తండ్రిని గుమ్మం దాటనివ్వకుండా శ్రీలేఖ ఒక్కతే ఆటో ఎక్కింది. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూనే, “ఒకటో తారీఖున సేరమన్నారు. స్కూల్లో కాదు, ఫ్యాక్టరీలో” అంది. సరోజాదేవి గారు పిల్లని పట్టుకుని ఏడ్చేశారు.

సింహాచలం గారు గొంతు సవరించుకున్నారు. “నా లెటరు గురించి ఏటన్నారు?”

శ్రీలేఖ విప్పిన చెప్పులు వరసగా సర్దింది. అబద్ధం చెప్పేస్తుందేమోనని ఆశపడ్డాను.

“నవ్వినారు నాన్నా. ఆఫీసంతా సదివి నవ్వుకున్నారంట. నాకు ఏడుపొచ్చేసింది. అయిదు పేజీల్లో ఆ అమ్మాయికి ఏ పని వచ్చో ఒక్క ముక్క లేదేటి అన్నాడు మేనేజరు. సైట్లో నానేసినవి కంప్యూటర్లో తీసి సూపించినాడు. రెండూ ఎవరూ తెరవకుండా అలాగే ఉన్నాయి. నా మెసేజ్‌లో వ్యాగన్ల మాట సూసే పిలిసినానన్నాడు.”

సింహాచలం గారు చెయ్యి చాపి ఫోన్ అడిగారు. కళ్లద్దాలు పెట్టుకుని కూతురు పంపిన మెసేజ్ చదివారు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివారు.

“ఇందల బతిమాలడం ఎక్కడుందే?”

“లేదు నాన్నా.”

“అయినా ఇచ్చినారా?”

“ఇచ్చినారు.”

ఆయన కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. ఆ ముఖం అంత చిన్నబోవడం నేను ఎన్నడూ ఎరగను.

“మరి ఇన్నేళ్లూ ఇంతమంది సేత ఎందుకు దండాలెట్టించినానురా?”

అవన్నీ టైపు కొట్టినవాణ్ణి నేనే.