రెండో సాక్షిని వెతికిన ఇమ్మానుయేలు అన్న

కర్నూలులో మా సంఘ పెద్ద, పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్ ఇమ్మానుయేలు అన్న గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారన్న కబురు ఆదివారం ఆరాధన మధ్యలో వచ్చింది. సంఘ కాపరిగా ప్రార్థన చేయిస్తున్న నేను ఆ ప్రార్థనలోనే కబురు చెప్పాను. సంఘమంతా కళ్లు మూసుకునే ఆ మాట విన్నది.

ఉగ్రవాద కేసుల్లో, అందరికీ కనబడే ఫోటోలు, వీడియోలు, రాతలు వెతికి సాక్ష్యం కూర్చడం ఆయన పని. ఎవరైనా చూడగలిగిందే చూసేవారు. కాకపోతే ఓపికగా చూసేవారు.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీదైనా ఒక్కరే ఫిర్యాదు తెస్తే పెద్దలు విచారణకు కూర్చోరు. రెండో సాక్షి రావాలి. దాన్ని ఆయన తన ఉద్యోగంలోనూ పాటించారు. “నా అనుమానం గూడా ఒగ నోరేనప్పా” అనేవారు.

ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకడు డోన్ రైల్వే స్టేషన్ పేల్చేస్తామని సోషల్ మీడియా లైవ్‌లో బెదిరించాడు. ఆ ఖాతా నందికొట్కూరు మెకానిక్ మస్తాన్ పేరున, అతని ఫోటోతో ఉంది. అతన్ని అరెస్టు చేశారు. మా ప్రార్థన వాట్సాప్ గ్రూపులోనూ ఉగ్రవాది అంటూ ఆ ఫోటో తిరిగింది. ఆరాధన అయ్యాక అన్న, దాన్ని పెట్టిన మా కోశాధికారిని ఆపారు.

“నువ్వు యాడ చూసినావప్పా?”

“శానా మంది పెట్టినారన్నా. అన్ని గ్రూపుల్లో ఉండాది.”

“వాళ్లకు యాడ దొరికిందంట?”

“ఒకరి దాంట్లోంచి ఒకరు తీసుకున్నారులే.”

“అయితే అందరూ కలిసి ఒగ నోరే. రెండోది తీసుకురా, నేనూ నమ్ముతా.”

రెండోది ఆయనే వెతికారు. బెదిరింపు వచ్చిన సాయంత్రమే నందికొట్కూరులో బ్యాండువాళ్లు ఒక పెళ్లి ఊరేగింపును లైవ్ పెట్టారు. డోన్ బెదిరింపు సాగుతున్న సమయానికే మస్తాన్ అందులో జనరేటర్ బండి తోస్తూ కనిపించాడు. అన్న ఆ వీడియోను భద్రపరిచారు. మర్నాడే బ్యాండువాళ్లు భయపడి తమ ఖాతాలోంచి దాన్ని తీసేశారు. పై అధికారులు ఇది చాలదన్నారు. వచ్చే వాయిదాకు కోర్టుకొచ్చి, దాన్ని ఎప్పుడు ఎలా భద్రపరిచిందీ తానే చెబుతానని అన్న మస్తాన్ తల్లికి మాట ఇచ్చారు.

భూస్థాపనకు ఆమె వచ్చింది. మట్టి వేసి నా దగ్గర నిలబడింది.

“ఆ సారు వస్తానన్న్యాడు. ఇంగ నా కొడుకు కోసరం ఎవురు చెప్తారు అయ్యగారూ?”

దేవుడున్నాడమ్మా అనబోయాను. ఉన్నాడని నా ప్రాణంతో నమ్ముతున్నాను. కానీ కోర్టు పిలవబోయేది అన్న పేరును. ఆయన ప్రభువు సన్నిధిలో విశ్రమిస్తున్నారు. ఆ పేరు పిలిచినప్పుడు ఎవరు లేచి నిలబడతారో తెలియక, ఇక్కడ మాకు విశ్రాంతి లేదు.