గుడ్డు లేని బ్రౌనీ, మా అమ్మాయి ఆఖరి ఫైటు

మా అమ్మాయి సాహితి ఫోన్ చేసి "నాన్నా, ఇదే నా లాస్ట్ ఫైట్. ఈసారైనా వస్తావా?" అని అడిగేనాటికి నా దగ్గర సాకులు అయిపోయాయి. అంతకుముందు రెండేళ్లలో ఆరుసార్లు పిలిచింది. ఒకసారి ఆఫీసులో ఆడిట్ అన్నాను, ఒకసారి మంచు అన్నాను, ఇంకోసారి నడుం నొప్పి అన్నాను. అసలు సంగతేమిటంటే, కన్నకూతురు ఇనప కంచె మధ్య నిలబడి తన్నులు తింటుంటే చూసే ధైర్యం నాకు లేదు. భయమని ఒప్పుకోలేక పనులు చెప్పాను. పాపం, అన్నీ నమ్మింది. ఆ వేసవిలో మెడికల్ స్కూల్లో చేరుతోంది కాబట్టి ఇక గ్లవ్స్ తొడగనంది. ఇది 2014 వసంతం మాట. కొలరాడో దుకాణాల్లో గంజాయి అమ్మకం ఆ ఏడాదే మొదలైంది. ఆ ఊపులో ఎవరో డెన్వర్ శివార్లలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలనీ గంజాయి ప్రదర్శననీ కలిపి ఒకే టికెట్టు మీద పెట్టారు. సాహితి ఆఖరి ఫైటు అక్కడే. మా ఆవిడ లలిత మాత్రం "నేను చూడలేను, మీరైనా వెళ్లండి. అది అడగడం ఇదే ఆఖరు" అంది.

మేముండే పిస్కాటవే నుంచి నెవార్క్ ఎయిర్‌పోర్టు అరగంట. పొద్దున ఆరింటి విమానం పట్టుకుంటే నాలుగు గంటలకు పైగా ప్రయాణం. గడియారం రెండు గంటలు వెనక్కి తిప్పుకోవాలి కాబట్టి ఎనిమిదిన్నరకల్లా డెన్వర్‌లో ఉంటారు. రానూపోనూ మూడువందల నలభై డాలర్లు పడింది. ఎయిర్‌పోర్టు ఊరికి చాలా దూరం, టాక్సీకి అరవై దాకా అవుతుంది. నా డ్రైవర్ ఇథియోపియా మనిషి. అడ్రస్ చెప్పగానే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"గంజాయి మేళాకా సార్?"

"ఫైట్స్‌కి. మా అమ్మాయి దిగుతోంది."

మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత "మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది" అన్నాడు. నాకు అతని మీద అసూయ పుట్టింది. దించేటప్పుడు మాత్రం మంచి మాటే చెప్పాడు. "ఇది ఎత్తు మీదున్న ఊరు. నీళ్లు తాగుతూ ఉండండి, లేకపోతే తల తిరుగుతుంది." ఆ మాటే తర్వాత నన్ను ముంచింది.

గేటు దగ్గర సాహితి ఎదురొచ్చింది. జుట్టు గట్టిగా జడలల్లుకుంది. ముప్ఫై అయిదు డాలర్ల టికెట్టు నా చేతిలో పెట్టి "నీ సీట్ నేనే పిక్ చేశా. థర్డ్ రో. కేజ్‌లోంచి నాకు కనిపిస్తావు" అంది. పక్కనే గోడ మీద పెద్ద బొమ్మ, ఎర్ర గ్లవ్ మీద పచ్చటి ఆకు. అటు చూపించి నవ్వింది. "చూడు నాన్నా, బొమ్మేమో ఇది, డ్రగ్ టెస్ట్‌లేమో మాకు." నొప్పులకి అదే మందని పాతకాలపు ఫైటర్లు కొందరు పక్క హాల్లో ఉపన్యాసాలిస్తున్నారు, దిగేవాళ్లు మాత్రం ముట్టుకోకూడదు. రెండింటికి పోటీలు మొదలు, తనది మూడింటికి. "వెళ్లి ఏదైనా తిను" అని లోపలికి పోయింది.

తినడమే నాకొచ్చిన చిక్కు. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. ఆ రోజు పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ లేదు. తిండిబండిలో వంట చేస్తున్నావిడని "ఫ్రైస్ వేయించే నూనె వేరా?" అని అడిగితే "చికెన్ వేసిన దాంట్లోనే హనీ" అంది. ఉసూరుమంటూ పార్కింగ్ లాట్‌లోకి నడిచాను. అక్కడ ట్రక్కు వెనక మడతకుర్చీ వేసుకుని నెబ్రాస్కా నుంచి వచ్చిన ఓ పెద్దావిడ కూర్చుంది. వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగాయి. నా మొహం చూసి, డబ్బా తెరిచి చాక్లెట్ కేకులాంటి బ్రౌనీ ఇచ్చింది.

"ఇందులో గుడ్డుందా?" అన్నాను.

"లేదు. గుడ్డూ లేదు, పాలూ లేవు. మా కోడలు అవి తినదు. పావు ముక్క చాలు నీకు."

ఫార్మా కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ నాది. మందు సీసాల మీద లేబుళ్లు చదవడానికే నాకు జీతమిస్తారు. అలాంటివాణ్ణి, గుడ్డు లేదన్న ఒక్క మాటతో చల్లబడిపోయాను. గంజాయంటే పొగ పీల్చేదని తప్ప ఇంకోలా తట్టనే లేదు. పావు ముక్క అన్నది పిసినారితనం అనుకున్నాను. ఆవిడ అటు తిరగగానే మొత్తం తినేశాను. ఆవిడ తప్పేమీ లేదు, ఆ చోటికొచ్చినవాళ్లకి ఆ మాత్రం తెలిసే ఉంటుందనుకుంది.

రెండున్నరకి మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా ఎవరో ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటున్నారు. ముందు నోరు ఎండిపోయింది. టాక్సీ అతను చెప్పింది గుర్తొచ్చి, ఎత్తు వల్లేననుకుని సీసా నీళ్లు తాగేశాను. తర్వాత గుండె దడదడలాడింది. చేతులు నావి కావనిపించింది. ఇది హార్ట్ ఎటాక్, కూతురి కళ్లెదుటే పోతున్నాను అనుకుని లేచి, గోడ పట్టుకుంటూ ఫస్ట్ ఎయిడ్ గదికి చేరాను. అక్కడి నర్సు బీపీ చూసి, కళ్లలోకి లైటు వేసి "సార్, బయట ఏమైనా తిన్నారా?" అని అడిగింది. బ్రౌనీలో ఏం కలిపారో నాకప్పుడు అర్థమైంది. లేవబోతే కాళ్లు సహకరించలేదు. గోడకి అవతల సాహితి పేరు మైకులో వినబడింది. జనం అరుస్తున్నారు, నేను పరుపు అంచు పట్టుకుని ఏడ్చాను.

ఎంతసేపైందో తెలియదు. తలుపు తోసుకుని సాహితి వచ్చింది, కుట్లు వేయించుకోవడానికి. కనుబొమ్మ చిట్లింది. నన్ను చూసి మొహం విప్పారింది.

"నాన్నా! అప్పుడే పరిగెత్తుకొచ్చేశావా? పాయింట్స్‌లో ఓడిపోయా. థర్డ్ రౌండ్‌కైనా సీట్‌లోకి వచ్చావా? బాగా చేశా కదా?"

"చూశాను తల్లీ. బాగా చేశావు" అన్నాను.

నర్సుకి తెలుగు రాదు కాబట్టి మంచి మనసుతోనే చెప్పింది. "మీ నాన్నగారా? కంగారేం లేదు, గంజాయి కలిపిందేదో ఎక్కువ తిన్నారంతే. గంట నుంచి ఇక్కడే ఉన్నారు, ఇప్పుడు నయం."

సాహితి నా పక్కన కూర్చుంది. కుట్లు వేయడం అయ్యాక నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పు నాన్నా. చూడలేకే తిన్నావా?"

కాదన్నాను. బ్రౌనీ, గుడ్డు, పెద్దావిడ, అన్నీ చెప్పాను. విని "ఓకే" అంది. ఆరుసార్లు అబద్ధం చెబితే నమ్మిన పిల్ల, ఏడోసారి నిజం చెబితే నమ్మలేదు. తప్పు తనది కాదు.

మర్నాడు ఎయిర్‌పోర్టులో దించి, నన్ను కావలించుకుని వెళ్లిపోయింది. వారం తర్వాత వాళ్ల కోచ్ తీసిన వీడియో పంపింది, కింద ఒక్క ముక్కా రాయకుండా. మూడు రౌండ్లూ చూశాను. నేను భయపడినంత ఘోరంగా ఏమీ లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఫైటు మొదలయ్యేముందూ, మొదటి రౌండయ్యాక స్టూలు మీద కూర్చున్నప్పుడూ కోచ్ మాటలు వినకుండా తల తిప్పి మూడో వరుస వైపే చూసింది. మూడో రౌండ్ ముందు మాత్రం అటు చూడలేదు. సాహితి ఇప్పుడు బాగానే చదువుకుంటోంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఆ సంగతి తను ఎత్తదు, ఎత్తే మొహం నాకు లేదు.

ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఇంటి నుంచి కాస్త పులిహోర కట్టుకెళ్లండి. ఎవరైనా ఏదైనా పెడితే అందులో ఏం లేదో కాదు, ఏముందో అడగండి. సీటు మాత్రం మూడో వరుసలోనే తీసుకోండి. కేజ్‌లోంచి బాగా కనిపిస్తుంది.