వంతెన దాటని పెళ్లికొడుకు

పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి గురించి వాకబు చేయడం మా ఇళ్లలో తప్పని తంతు. పనిచేసే చోట, అద్దెకుండే వీధిలో, చివరికి పాలవాడి దగ్గరైనా ఆరా తీయనిదే తాంబూలాలు పుచ్చుకోరు. మా పెదనాన్నగారి అమ్మాయికి డెట్రాయిట్ సంబంధం వచ్చినప్పుడు ఆ పని నా నెత్తిన పడింది. అప్పుడు నేను నదికి ఇవతల, కెనడా ఒడ్డునున్న విండ్సర్‌లో చదువుకుంటున్నాను.

"అమ్మాయ్, నువ్వు ఆ పక్కనే ఉన్నావు గదా. కుర్రాడికి ఏ అలవాట్లూ లేవంటున్నారు. ఒకసారి కళ్లారా చూసి చెప్పమ్మా," అన్నారు పెదనాన్న ఫోన్లో.

ఆయన దృష్టిలో విండ్సర్, డెట్రాయిట్ అంటే తెనాలి, గుంటూరు. నాకు అమెరికా వీసా లేదు కాబట్టి నేను వెళ్లలేను. అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది, అతను రావచ్చు. కారెక్కితే వంతెన మీదుగా ఎంతో సేపు పట్టదు.

అసలే నాది అనుమానపు బుద్ధి. దానికి ఆ రోజుల్లో విండ్సర్ ఇంకాస్త పదును పెట్టింది. ఊరినిండా మాలాంటి విద్యార్థులే. ఫోటోలో చూపించిన గది ఒకటి, తాళంచెవి ఇచ్చిన బేస్‌మెంట్ ఇంకొకటి. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే వీధి మలుపు దాకా లైను. ఎవరైనా "నో ప్రాబ్లం" అంటే చాలు, ప్రాబ్లం ఎక్కడుందా అని వెతికేదాన్ని.

అబ్బాయిని భోజనానికి పిలిచాను. "తప్పకుండా అండీ," అన్నాడు. ఆ ఆదివారం ఆఫీసు పని పడింది. పై వారం జలుబు. ఆ పై వారం కారు సర్వీసుకిచ్చాడు. తర్వాత పిలిచినా కారు సర్వీసులోనే ఉంది. అదేం కారో, మా కాలేజీ అడ్మిషన్ కూడా అంత ఆలస్యం కాలేదు.

చివరికి అతనే ఒక ఉపాయం చెప్పాడు. నేను ఇటు ఒడ్డున నిలబడాలి, అతను అటు ఒడ్డుకు వస్తాడు, వీడియో కాల్‌లో మాట్లాడుకోవచ్చు. వెళ్లాను. మనిషి బాగానే ఉన్నాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. అక్కకి ఇష్టమైన పాటలేవో నన్నే అడిగాడు. నచ్చాడు కూడా. అయితే మాటల మధ్యలో "క్యాబ్ వచ్చేసిందండీ" అంటూ హడావిడిగా ఫోన్ పెట్టేశాడు. డెట్రాయిట్‌లో కార్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, క్యాబ్‌లో తిరుగుతాడా?

మా ఇంటి ఓనర్ అంకుల్‌ది వరంగల్. ఉద్యోగానికి రోజూ వంతెన దాటి డెట్రాయిట్ వెళ్లొస్తాడు. ఇంటి ముందు మంచు ఊడుస్తున్న ఆయన దగ్గర ఈ సంగతి కదిపాను.

"నేను రోజూ పోయొస్తనే ఉన్న గదమ్మా. అంత దగ్గరుండి అన్నానికి వస్తలేడంటే రావొద్దని కాదు, రానియ్యరని. తాగి డ్రైవ్ చేసి అక్కడ దొరికిండేమో. అసొంటోళ్లను మన కెనడావోళ్లు బార్డర్ కాడికెళ్లే వాపస్ పంపిస్తరు," అన్నాడు.

నిజమే. ఒక్కసారి తాగి నడిపి శిక్షపడినా కెనడా దాన్ని పెద్ద నేరం కిందే లెక్కేస్తుందని, ప్రత్యేక అనుమతి లేనిదే లోపలికి రానివ్వదని తర్వాత చదివాను. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రం వేసే శిక్షలు కూడా చదివాను. జరిమానా, జైలు, లైసెన్సు సంగతి, తాగలేదని ఊది చూపిస్తే గాని కారును స్టార్ట్ కానివ్వని మిషన్ పెట్టించడం, అన్నీ. పరీక్షకు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ఒళ్లు మండిపోయింది. ఏ అలవాట్లూ లేవట!

పెదనాన్నకు చెప్పే ముందు అక్కకు ఫోన్ చేశాను. చెప్పిందంతా విని, తీరిగ్గా అంది.

"నాకు తెలుసే. మొదటి వారమే చెప్పేశాడు. ఒకే ఒక్కసారి, ఎవరిదో బర్త్‌డే పార్టీలో. ఆ తర్వాత ముట్టుకోలేదట. నాన్నకు మాత్రం చెప్పకు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, నువ్వు ఒక్కటి ఆడలేవా?"

నా మొహం చిన్నబోయింది. ఇలాంటి సంగతి తనంతట తాను చెప్పే పెళ్లికొడుకులు ఎంతమంది ఉంటారు? అక్క గొంతులో సంతోషం విని సరేనందామనే అనుకున్నాను.

"పాపం, లైసెన్స్ క్యాన్సిల్ చేసి ఏడాది దాటిందట," అంది అక్క. "వచ్చే నెల హియరింగ్ ఉంది. తాగుడు మానేశానని వాళ్లను నమ్మిస్తేనే మళ్లీ ఇస్తారట."

నా మనసు అక్కడే ఆగిపోయింది. మొదటిసారి దొరికితే మిషిగన్‌లో లైసెన్సును కొంతకాలం ఆపుతారు, గడువు తీరాక తిరిగిస్తారు. ఏడేళ్లలో రెండోసారి దొరికితేనే పూర్తిగా రద్దు చేస్తారు. ఆ రద్దయిన లైసెన్సు కోసమే హియరింగ్.

"అక్కా, మొదటిసారికి క్యాన్సిల్ చెయ్యరు," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"చదివాను. తప్పు చదివానేమో. నువ్వే అడిగి చూడు."

అక్క ఫోన్ పెట్టేసింది. నా అనుమానం అబద్ధం కావాలని నేను కోరుకున్నది జీవితంలో అదే మొదలు. మర్నాడు కాలేజీలో కూర్చున్నానన్న మాటేగానీ పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు. బస్సులో ఇంటికి వస్తుండగా ఫోన్ మోగింది.

"నిజమేనే, రెండుసార్లు దొరికాడట," అంది అక్క. ఏడవడం లేదు. "నాన్నకు నేనే చెప్తాను, నువ్వు మధ్యలోకి రాకు."

"మంచివాడిలాగే ఉన్నాడక్కా. తొందరపడకు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"రెండని ముందే చెప్పుంటే చేసుకునేదాన్నే," అంది. "ఇప్పుడు మానేశానంటున్నాడు చూడు, దాన్ని నేనెలా నమ్మేది?"