శనాదివారాల మేనల్లుడు

మొన్న శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉంటే, మా పైవాటాలో కొత్తగా దిగిన కుర్రాళ్ళిద్దరు మెట్లు దిగి వచ్చి, "ఆంటీ, పాలకాయతిప్పకి ఎటు వెళ్ళాలండీ? ఫోను చల్లపల్లి మీదుగా వెళ్ళమంటోంది, కరెక్టేనా?" అని అడిగారు. నల్ల కళ్ళద్దాలు, భుజాన సంచులు, సెలవు రోజు మొహాలు. కరెక్టే నాయనా, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు, ఆపైన ఎవర్నడిగినా చెప్తారన్నాను. అక్కడ అలలు లోపలికి లాగుతాయి, మోకాళ్ళు దాటి దిగొద్దని కూడా అన్నాను. పెద్దదాన్ని కదా, ఏదో ఒక జాగ్రత్త చెప్పకపోతే నోరు ఊరుకోదు. వాళ్ళు బండి తీసి వెళ్ళిపోయాక లోపలికొచ్చి కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. సముద్రం గురించైతే జాగ్రత్త చెప్పాను గానీ, ఆ దారిలో మా మేనల్లుణ్ణి పొట్టన పెట్టుకున్నది సముద్రం కాదు.

వాడు మా అన్నయ్య కొడుకు. గుడివాడలో పుట్టి, గుడ్లవల్లేరులో చదివి, బెజవాడలో ఉద్యోగం వెలగబెట్టేవాడు. వెలగబెట్టడమని ఎందుకంటున్నానంటే, ఆ కంప్యూటరు ముందు వాడేం చేసేవాడో ఎన్నిసార్లు చెప్పించుకున్నా నాకు అర్థం కాలేదు. ఇరవై ఏడో ఏట రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. ఎందుకని డాక్టర్లనడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రిలో పడుకుంటే మిషను వాడి రక్తమంతా బయటికి లాగి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపేది. వదిన తన కిడ్నీ ఇస్తానంది. ఆ పరీక్షలు ఒక కొలిక్కి వచ్చేదాకా వాడు ఎలాగోలా నెట్టుకు రావాలి. మా అందరి ప్రాణాలూ వదిన అన్న ఆ ఒక్క మాట మీదే ఉన్నాయి.

ఈ సంగతి అన్నయ్యకీ వదినకీ, నాకూ మా ఆయనకీ తప్ప చుట్టాల్లో ఎవరికీ తెలియదు. వాడు చెప్పనివ్వలేదు. "నలుగురికీ చెప్పామనుకో అత్తా, శనాదివారాలు కూడా ఆసుపత్రే అయిపోతాయి. గుమ్మంలో అడుగు పెట్టగానే అయ్యో నాయనా అని మొదలెడతారు. ఆ రెండ్రోజులూ నన్ను మామూలు మనిషిలా ఉండనియ్యండి" అన్నాడు. గుడివాడ వెళ్తే వదిన వాడి చేతి మీద సూదుల గుర్తులు చూసి ఏడ్చేది. అందుకని శుక్రవారం మిషను మీంచి లేచి, శనివారం పొద్దున్నే బస్సెక్కి బందరు మా ఇంటికి వచ్చేసేవాడు. "నువ్వైతే తిడతావత్తా. తిట్లు తింటూ ఉంటే రోగం గుర్తు రాదు" అనేవాడు. ఏం చేస్తాను, మేనల్లుడి ముచ్చట తీర్చాలి కదా, తిట్టేదాన్ని.

వాడి సరదాలు చూస్తే నవ్వొచ్చేది. నాలుక మీద కరిగే ఐసు ముక్క వాడికి పండగ. నీళ్ళు ఎక్కువ తాగకూడదు కనక, రోజు మొత్తానికి వాడికి కొలిచి ఇచ్చే చిన్న స్టీలు గ్లాసొకటి ఉండేది. దాంట్లోంచి కాసిని నీళ్ళు మిగుల్చుకుని, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, సాయంత్రం డాబా మీద కూర్చుని చప్పరించేవాడు. చప్పరిస్తూ చెవుల్లో పాటలు పెట్టుకుని కాళ్ళూపేవాడు. కోనేరు సెంటర్లో మిఠాయి కొట్ల ముందు స్కూటీ ఆపించి, లడ్డూ చేసే చోట నేతి వాసన గుండెల నిండా పీల్చి, "పద అత్తా, తినేశాం" అనేవాడు. వాసనలో ఉప్పూ లేదు, నీళ్ళూ లేవు, డాక్టరు కాదనడట. ఇస్త్రీ చొక్కాలంటే పిచ్చి. మంగినపూడి ఇసకలోకి కూడా బూట్లేసుకుని వచ్చి, తీరా అక్కడికెళ్ళాక వాటిని నా చేతికిచ్చేవాడు. పట్నం వాడి షికారుకి నేను బూట్లు మోసే మనిషిని. మా ఆయన, "ఊరేగండి, అత్తా అల్లుడూ కలిసి ఊరేగండి" అని సణిగేవాడు గానీ, శుక్రవారం రాత్రే స్కూటీలో పెట్రోలుందో లేదో చూసి పెట్టేవాడు.

వంట దగ్గర మాత్రం నాకూ వాడికీ ప్రతివారం తగాదానే. ఏ కూరైనా ముక్కలు కోసి, నీళ్ళలో నానేసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు తాలింపు వెయ్యాలి. "ఏరా, సారమంతా తూములో పోసి పిప్పి తింటావా?" అని అరిచేదాన్ని. "ఆ సారమే నాకు పడదత్తా" అనేవాడు. సరేనని పారబోసేదాన్ని. ఎందుకు పడదో విడమరిచి అడగలేదు, వాడూ చెప్పలేదు. రోగం మాట ఎంత తక్కువ వస్తే అంత మంచిదని ఇద్దరం అనుకునేవాళ్ళం.

బయట వాడి జాగ్రత్తలన్నీ జనానికి షోకుల్లా కనపడేవి. అక్కడే వచ్చింది చిక్కు. మిషను సూదులకోసం ఎడమ చేతిలో రెండు నరాలు కోసి ఒకదానికొకటి కలిపారు. అక్కడ చెయ్యి పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుండేది. అది కనపడకూడదని బందరు ఎండలో కూడా వాడు ఫుల్ చేతుల చొక్కా వేసేవాడు. "అబ్బో, దొరగారు!" అనేవారు. పచ్చడి వద్దంటే, "బెజవాడ నీళ్ళు వంటబట్టాయి, ఆవకాయ ఆనట్లేదు" అనేవారు. పెళ్ళిళ్ళలో వడ్డనకి రెండోసారి వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. అరటిపండు పక్కకి జరిపేవాడు. వాడు నవ్వుతూ అన్నీ పడేవాడు. షోకుల రాయుడు అనిపించుకోవడానికి వాడికి అభ్యంతరం లేదు, రోగిష్టి అనిపించుకోవడమే గిట్టదు. మన వైపు మర్యాదల్లో ఇంటికొచ్చిన వాడు వద్దన్నాడంటే దానికి రెండే అర్థాలు, మొహమాటమన్నా అయి ఉండాలి, పొగరన్నా అయి ఉండాలి. మూడో అర్థం ఎవరికీ తట్టదు.

ఆ ఆదివారం పాలకాయతిప్ప చూడాలన్నాడు. అంతకుముందు వారం పెదనలో అద్దకం పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను, బట్టల మీద అచ్చులు కొడుతుంటే పూటంతా నోరెళ్ళబెట్టుకు చూశాడు. ఈసారి కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలట. చీకట్లోనే బయల్దేరాం. వాడు నడిపాడు, నేను క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. అవనిగడ్డ దాటాక పొలాల మీది గాలికి వాడికి హుషారు పుట్టి ఈల మొదలెట్టాడు. "రోడ్డు చూసి తోలరా, నీ ఈల తగలెయ్య" అంటే ఇంకా గట్టిగా వేశాడు. తిప్ప మీద వలలు ఆరేసి ఉన్నాయి, ఎండు చేపల వాసన గుప్పుమంటోంది. వాడు చీలమండల దాకా నీళ్ళలో నిలబడి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. "ఇంత నీరుంది, ఒక్క గుక్క కూడా తాగడానికి పనికిరాదు. నాకూ దీనికీ బాగా కుదిరిందత్తా" అన్నాడు. నేను వీపు మీద ఒక్కటిచ్చాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి, వీడికేం కాదు, వీడు గట్టెక్కుతాడు అనుకున్నాను. పిచ్చిదాన్ని.

తిరుగుదారిలో, కోడూరు ఇవతల, మా పిన్ని ఊరు. వెళ్ళకుండా వస్తే కాళ్ళిరగ్గొడుతుంది. పిన్నిది పెట్టే చెయ్యి. ఇంటి ముందునుంచి పోయే పోస్టుమేన్‌కి కూడా ఏదో ఒకటి నోట్లో పడాల్సిందే. మేం వెళ్ళేసరికి ఎండ నెత్తికెక్కింది. వాడు పాకలో నులక మంచం మీద కూర్చున్నాడు. పిన్ని చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దన్నాడు. మజ్జిగ తెచ్చింది. వద్దన్నాడు. పిన్ని మొహం ముడుచుకుంది.

"ఏరా, మా ఇంటి నీళ్ళు పట్నమోళ్ళకి పనికిరావా? సీసా నీళ్ళు తప్ప ముట్టుకోవా?"

"అదేం లేదు నాన్నమ్మా, ఇప్పుడే తాగాను."

"ఎక్కడ తాగావు, సముద్రంలోనా? సరే, నీళ్ళు తాగొద్దు. బొండాం తాగడానికేం? దాంట్లో ఎవరి చెయ్యీ పడలేదుగా!" అని కొడుకుని కేకేసింది. ఆ కొడుకు, నాకు తమ్ముడు వరస, అప్పటికే గెల దించి కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మా మేనల్లుడు నా వైపు చూశాడు. ఇప్పటికీ ఆ చూపు తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటాను. నన్ను ఆపమని అడిగాడా, చెప్పొద్దని అడిగాడా? రెండోదే అనుకున్నాను. కిడ్నీ రోగికి నీళ్ళు మితంగా ఉండాలని తెలుసు నాకు, ఒక బొండాం అంటే రెండు గ్లాసుల నీళ్ళు, రాత్రికి తగ్గించుకుంటాడులే అనుకున్నాను. అంతే. పైగా బొండాం చలవ. జ్వరమొచ్చినా అదే, వాంతులైనా అదే, మూత్రం మంటగా ఉన్నా అదే, బాలింతకీ అదే. ఈ గడ్డ మీద పుట్టిన వాళ్ళెవరైనా బొండాం నీళ్ళు చెడు చేస్తాయంటే నవ్వుతారు. నేనూ ఈ గడ్డ మీదే పుట్టాను.

"ఒక్కటే నాన్నమ్మా" అని అందుకున్నాడు. ఎత్తిన బొండాం దించకుండా తాగాడు. అంత నీళ్ళు ఒక్కసారి గొంతు దిగడం వాడికి ఎన్నాళ్ళయిందో! కళ్ళు మూసుకున్నాడు. గెడ్డం మీంచి కారుతుంటే ఆ ఇస్త్రీ చొక్కా చేత్తోనే తుడుచుకున్నాడు. పిన్ని రెండోది అందించింది. వద్దనలేదు. లేత కొబ్బరి కూడా గీకి తిన్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది. నాక్కూడా, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

చల్లపల్లి దగ్గర బండి ఆపాడు. "అత్తా, నువ్వు నడుపు. కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నాడు. ఎండ దెబ్బనుకున్నాను. వెనక కూర్చుని నా భుజం మీద తల ఆనించాడు. దారి పొడుగునా మాట్లాడిస్తూనే ఉన్నాను, ఊఁ కొడుతూ వచ్చాడు, బందరు పొలిమేరల్లో ఊఁ ఆగిపోయింది. ఎవరో ఆటో ఆపి సాయం పట్టారు. ఆసుపత్రిలో వాడి జబ్బు సంగతి చెప్పాను, డాక్టరమ్మ గుండె పరీక్ష కాగితం చూసి, నా వైపు తిరిగి, "ఏం తిన్నాడండీ, ఏం తాగాడు?" అంది.

"బొండాం నీళ్ళేనండీ. చలవ కదండీ."

ఆవిడ లోపలికి పరిగెత్తింది. మిషను సిద్ధం చేసేలోగా అంతా అయిపోయింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఆ నీళ్ళలో పొటాషియం అని ఒకటుంటుందట, మేం తూములో పోసిన కూరల సారంలో ఉండేదీ అదేనట, మామూలు వాళ్ళకి అది బలమట, కిడ్నీలు పనిచెయ్యనివాడికి అది గుండెని ఆపేస్తుందట. అందులోనూ శుక్రవారం మిషను మీంచి లేచినవాడికి మళ్ళీ సోమవారం దాకా రక్తం కడగడం ఉండదు కనక, ఆదివారమే అన్నిటికన్నా గండమట. వాడు మామూలు మనిషిలా బతికే రోజే. "ఈ సంగతి అతనికి తెలిసే ఉంటుందండీ. మిషను మీద పడుకోబెట్టే మొదటిరోజే ఎవరికైనా చెప్తాం" అంది.

తెలుసు. తెలిసే తాగాడు. పెద్దావిడ నొచ్చుకుంటుందని తాగాడో, ఒక్కదానికేం కాదులే అనుకున్నాడో, దాహం ఆపుకోలేకపోయాడో నాకు తెలియదు. ఎవడ్రా నిన్ను అంత మర్యాదస్తుణ్ణి చేసింది, అని శవం ముందు కూర్చుని తిట్టాను. తిట్టించుకోడానికే కదా వచ్చేవాడు.

పెద్దకర్మ రోజు పిన్ని గుడివాడ వచ్చింది. అప్పటికి కిడ్నీల సంగతి ఊరందరికీ తెలిసిపోయింది, బొండాం సంగతి మాత్రం మా నలుగురి మధ్యే ఉంది. పిన్ని నా చెయ్యి పట్టుకుని కూర్చుని, "ఏమే, జబ్బుందని నాతో ఒక్క మాట చెప్పకూడదా? రోజూ బస్సులో బొండాలు పంపేదాన్ని కదే! పసివాణ్ణి బతికించుకునేవాళ్ళం" అని ఏడ్చింది. నిజం నా నోటి దాకా వచ్చి ఆగింది. వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని ముక్కు తుడుచుకుని అన్నయ్య వైపు తిరిగింది. "కాకపోతే నాయనా, ఎంత ఇష్టంగా తాగాడనుకున్నావు! కళ్ళు మూసుకుని తాగాడు. ఆఖరికి నా చేతి నీళ్ళే ప్రాప్తం వాడికి."

అన్నయ్య ఏం అంటాడోనని నేను ఆయన మొహంలోకే చూశాను. అప్పుడు ఆయన వంగి, పిన్ని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "అవును పిన్నీ. నీ చేతి నీళ్ళే ప్రాప్తం" అన్నాడు.

పిన్ని కొడుకుని మాత్రం పక్కకి పిలిచి, కిడ్నీ జబ్బున్న వాళ్ళెవరొచ్చినా బొండాం కొట్టొద్దురా అన్నాను. ఎందుకని వాడు అడగలేదు. గోడకి చేరగిలబడి అలాగే కింద కూర్చుండిపోయాడు.

పిన్నికిప్పుడు చూపు ఆనడం లేదు, నడుం వంగింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ మధ్యాహ్నం గురించి చెప్తుంది, చెప్పినప్పుడల్లా వాడి నవ్వు ఇంకాస్త కలుపుతుంది, నేను ఊఁ కొడతాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఆవిడకి ఆ పూట తీపెక్కుతోంది. నాకూ అన్నయ్యకీ వదినకీ మాత్రం అది ఇంకా గడవనే లేదు.